వరసలో కట్టిన సమాధి

"ఇవి ఎవరివండీ?"

హెలెన్ అరచెయ్యి చాపి నిలబడింది. అందులో రెండు మెట్టెలు. వెండివని తెలిసినవాళ్ళకే తెలియాలి, అంత నల్లబడిపోయాయి. చుట్ల సందుల్లో ఇంకా ఇసక ఉంది.

జయపాల్ వరండాలో కూర్చుని స్కూటర్ ప్లగ్గుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తల ఎత్తి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

"ఎక్కడివి?"

"నన్నడుగుతారేంటి? మీ చొక్కా జేబులోవి. వాషింగ్ మిషన్లో వేసేముందు జేబులు తడుముతాను కాబట్టి సరిపోయింది. లేకపోతే మిషను కూడా పోయేది."

"అక్కడ పెట్టు."

"పెట్టను. నేను మెట్టెలు పెట్టుకోను. మీ మేనత్త పెట్టుకోదు. మన ఇంటా వంటా లేని సరుకు ఇది. ఆటోనగర్లో లారీ కమాన్లు సాగగొట్టుకునే మనిషికి ఆడాళ్ళ మెట్టెలతో ఏం పని? యాభై దాటాక ఏదన్నా మొదలెట్టారా? మొదలెడితే చెప్పండి. రేపు ఫాదరుగారు ఎలాగూ వస్తున్నారు, పాపసంకీర్తనం కూడా అక్కడే కానిద్దాం."

ఇంకో రోజయితే నవ్వేవాడు. ఇవాళ అతని చూపు తలుపు దాటి హాల్లోకి పోయింది. అక్కడ కుట్టు మిషన్ మీద ఒక ప్లైవుడ్ పెట్టె ఉంది. మంగళగిరి తెల్ల చీర చుట్టి, పైన సిలువ పెట్టి ఉంచిన పెట్టె. గురువారం గుల్లలదిబ్బలో సమాధి తవ్వించి తెచ్చుకున్న అమ్మ ఎముకలు.

హెలెన్ కూడా అటు చూసింది. గుప్పిట మూసింది, మళ్ళీ తెరిచింది. ఆ చేతిని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

"పెట్టెలోవా?" అంది. ఎగతాళి గొంతు ఎటో పోయింది.

"మెల్లిగా. లోపల నాన్న వింటాడు."

"గురువారం నుంచీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారా?"

ప్లగ్గు ఎప్పుడో తళతళలాడింది, అయినా రుద్దుతూనే ఉన్నాడు.

గుల్లలదిబ్బకి జిల్లా మ్యాపులో చుక్క కూడా ఉండదు. బెజవాడ నుంచి కాలువ పట్టుకుని దిగితే అవనిగడ్డ, నాగాయలంక, ఆపైన రోడ్డు సన్నబడి కరకట్ట అవుతుంది. కట్ట అయిపోయాక రొయ్యల చెరువులు, వాటి వెనక మడచెట్లు, ఆ వెనక సముద్రం. జిల్లా చరిత్ర రాసినవాళ్ళు బందరు రేవు గురించి రాశారు, డచ్చివాళ్ళ గురించి రాశారు, ఆనకట్ట కట్టిన దొర గురించి మురిసిపోతూ రాశారు. డెబ్బై ఏడు ఉప్పెన దగ్గరకొచ్చేసరికి ఒక అంకె వేసి పేజీ తిప్పేశారు. జయపాల్ తల్లి సీతమ్మ ఆ అంకెలో ఉంది. అంతకుమించి ఆమె ఎక్కడా లేదు.

అప్పుడతనికి అయిదేళ్ళు. తల్లి ముఖం గుర్తులేదు. ఫొటో తీయించుకునే ఇళ్ళు కావు వాళ్ళవి. ఎత్తుకున్నప్పుడు కనిపించే ఆమె మెడ వెనక భాగం, తడిసిన జుట్టు ముడి, ఇవి మాత్రం గుర్తున్నాయి. అవైనా నిజంగా గుర్తున్నాయో, పెద్దయ్యాక తనే అల్లుకున్నాడో చెప్పలేడు. అతనికి అమ్మంటే దిబ్బ మీది సమాధే.

ఏడో తరగతితో బడి మానేసి, ఆటోనగర్లో సుత్తి పట్టి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక అతను చేసిన మొదటి పని ఆ సమాధికి సిమెంటు కట్టించడం. ఇంట్లో కుర్చీ కొనకముందే కట్టించాడు. ఏటా నవంబరులో ఆత్మల పండుగకి వెళ్ళి సున్నం కొట్టి, బంతిపూలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేవాడు. మిగతావాళ్ళు అమ్మ చేతి అన్నం గురించి చెప్పుకుంటుంటే అతనికి గుర్తొచ్చేది ఆ సున్నం వాసన.

ఈ రెండేళ్ళలో సముద్రం దిబ్బని కొరుక్కుంటూ వచ్చింది. చివరి వరస సమాధులు ఒక్కొక్కటే ఒరిగి నీళ్ళలోకి జారాయి. జారకముందే తెచ్చుకుందామని గురువారం వెళ్ళాడు. కాళ్ళవైపు ఎముకలు తీస్తుంటే కూలి మనిషి పారకి ఈ మెట్టెలు తగిలాయి. జయపాల్ గబుక్కున తీసి జేబులో వేసుకున్నాడు.

"అత్తయ్యగారు మెట్టెలు పెట్టుకునేవారా?" అంది హెలెన్.

"నాకేం తెలుసు?"

"మావయ్యగారిని అడగొచ్చుగా."

"అడిగి? ఆయన లేదంటే ఏం చేస్తావు? పెట్టెని మళ్ళీ బస్సెక్కిస్తావా?"

రేపు ఆదివారం పూజయ్యాక గుణదల సమాధుల తోటలో గొయ్యి సిద్ధం. చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళాయి. ఇబ్రహీంపట్నం నుంచి మేనత్త తెరేసమ్మ నిన్ననే వచ్చి దిగింది.

గేటు చప్పుడైంది. "జయపాలూ, ఇల్లు ఇదేనా?" అని ఎవరో పిలిచారు.

తెల్లచొక్కా, తెల్లపంచె, భుజాన కండువా. చేతిలోని గోనెసంచిలోంచి కొత్త కుండ మూతి బయటికి కనిపిస్తోంది. మూతికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. దిబ్బ పక్క ఊరి రైతు రత్తయ్య. జయపాల్ తండ్రి ఆమోసు వలల మీద బతుకు సాగని రోజుల్లో ఈయన నాన్న దగ్గర పాలేరుగా చేశాడు.

"రండి రత్తయ్య గారూ" అన్నాడు జయపాల్. అతని చూపు కుండ మీదే ఉంది, అస్థికలకి తెచ్చే కుండ.

రత్తయ్య చెప్పులు విడిచి, కుండని జాగ్రత్తగా గోడకి ఆనించి, కుర్చీలో కూర్చున్నాడు.

"ఆమోసు బాగున్నాడా?"

నాన్నకి ఎనభై దాటాయి. అరవై నిండని ఈయన నోట్లో ఇంకా పాలేరు ఆమోసే. "బాగానే ఉన్నారండీ. లోపల పడుకున్నారు" అన్నాడు జయపాల్.

"ఆటోవాడు పటమటంతా తిప్పి తిప్పి తెచ్చాడు. ఇప్పుడు బెజవాడ వేరే జిల్లా కూడా అయిందిగా. మా అమ్మ కోసం జిల్లా దాటి వచ్చాను బాబూ."

"మీ అమ్మగారు ఉప్పెనలోనే పోయారుగా."

"పోయింది. దొరకలేదు. ఊరంతా వెతికి, ఇక లాభం లేదని దర్భలతో బొమ్మ చేయించాడు మా నాన్న. నాకు పన్నెండేళ్ళు. ఆ గడ్డిబొమ్మకి కొరివి పెట్టాను. ఇప్పటికీ తద్దినం పెడుతుంటే ఆ బొమ్మే గుర్తొస్తది, అమ్మ గుర్తురాదు." రత్తయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నీ దగ్గర తవ్వకానికి వచ్చిన మనిషి టీకొట్టు దగ్గర చెప్పాడు. వెండి మెట్టెలు దొరికాయంట. మూడు చుట్లవి. పైన చేప ఉంటది. అవునా?"

జయపాల్ పెళ్ళాం వైపు చూశాడు. చూడకపోయినా బాగుండేది. హెలెన్ గుప్పిట తెరిచి, బొటనవేలితో ఇసకని రుద్దుతోంది. రుద్దినకొద్దీ నల్లటి చుట్ల మీద చిన్న చేప తోక తేలింది.

రత్తయ్య చెయ్యి చాపలేదు. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"మా అక్క దగ్గర ఇలాంటి జతే ఉంది" అన్నాడు. "అవనిగడ్డ కంసాలి తల్లికీ కూతురికీ ఒకేసారి చేశాడు. మా అమ్మ పేరు బుల్లెమ్మ. చెప్పానా నీకు?"

"చేప బొమ్మ మీ ఒక్క ఇంటికే పుట్టిందాండీ? సముద్రం పక్క ఊళ్ళు. అందరికీ చేపే."

"అందరికీ కాదు. మీవాళ్ళు పెట్టుకోరుగా."

"మా ఆడాళ్ళు ఏం పెట్టుకుంటారో, ఏం పెట్టుకోరో మీరెప్పుడు చూశారు? మా గుడిసెల వైపు తల తిప్పిన రోజు ఉందా?"

"జయపాలూ, గొడవకి రాలేదు. మా అమ్మని ఇస్తే తీసుకుపోతాను."

"ఎక్కడికి?"

"హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసే చోట కలుపుతాను."

జయపాల్ ప్లగ్గుని నేలకేసి కొట్టాడు. "సముద్రం నోట్లోంచి లాక్కొచ్చానండీ నేను. మళ్ళీ తీసుకెళ్ళి దాని నోట్లోనే పెడతారా?"

"అది తినడం వేరు. మనం కలపడం వేరు."

"అసలు అంత దూరం ఎందుకొచ్చింది సముద్రం? మీ చెరువులకి ఉప్పునీళ్ళు కావాలని అడ్డంగా ఉన్న ఇసకమెరకని తవ్విందెవరు? ఆ మెరక ఉంటే దిబ్బకేమయ్యేది? మీరు రొయ్యలు పెంచుకోండి, మేం శవాలు మోసుకుంటాం. అంతేగా?"

"నేనొక్కణ్ణే తవ్వానా? చేలో ఉప్పు తేలితే వరి పండుద్దా? మూడేళ్ళు పోసిన విత్తనం పోసినట్టే పోయింది. చెరువు వెయ్యకపోతే ఏం తినాలి?" రత్తయ్య గొంతు కూడా లేచింది. "ఆ చెరువు నన్ను మాత్రం బాగు చేసిందా? తెల్లమచ్చ రోగమొచ్చి రొయ్యలన్నీ ఒక్క రాత్రిలో చచ్చి తేలిపోయాయి. నీకు ఆటోనగర్ ఉంది, పారిపోయి వచ్చావు. మేం అక్కడే ఉన్నాం."

"పారిపోయానా? మా నాన్న మీ గట్టు మీద కూర్చుని గంజి తాగాడు, మీ గడప తొక్కలేదు. ఇవాళ మీ అమ్మ మా దిబ్బలో పడుకుందని మీరే వచ్చి చెప్తున్నారు. ఈ మాట మీ నాన్న బతికుండగా వింటే ఊరుకునేవాడా?"

"ఊరుకునేవాడు కాదు." రత్తయ్య తల దించుకున్నాడు. "ఆయన లేడు. నేనొచ్చాను."

పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఇద్దరూ దాన్ని విన్నారు.

"ఏవీ, ఇటివ్వమ్మా" అంది గుమ్మంలోంచి తెరేసమ్మ. చేతికి వెల్లుల్లి పొట్టు అంటుకుని ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఎవరూ చూడలేదు.

హెలెన్ ఇచ్చింది. ముసలామె మెట్టెల్ని చెయ్యి బారజాపి దూరంగా పట్టుకుని చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇవి వదినవి కావు."

"అత్తా!"

"అరవబాక. మీ అమ్మ కాలికి మెట్టె ఎక్కడిదిరా? పెళ్ళినాడు పుస్తెకే దిక్కులేదు, పసుపుకొమ్ము కట్టాడు మీ నాన్న."

రత్తయ్య లేచి నిలబడ్డాడు. కుండ వైపు ఒకడుగు వేశాడు.

"కూర్చో రత్తయ్యా. ఇంకా చెప్పలేదు నేను." తెరేసమ్మ హాల్లోకి వెళ్ళి లోపలి గది పరదా ముందు నిలబడింది. "అన్నయ్యా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

లోపల మంచం కిర్రుమంది. అంతే. ఆమోసు జీవితంలో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పూట సంతలో వినిపించేన్ని ఉండవు. తెరేసమ్మ కాసేపు చూసి, తిరిగొచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"నీళ్ళు తీశాక మీ నాన్నా నేనూ వెతుక్కుంటా పోయాం. తుమ్మకంపలో దొరికింది వదిన. ఒక్కతే కాదు. ఇంకొకావిడ ఉంది. ఇద్దరూ ఒక తాటిమొద్దుకి ఒకే చీరతో కట్టుకున్నారు. ముడి వదిన వేసిందే. వల కట్టే ముడి, మా ఇళ్ళల్లో తప్ప ఇంకెవరికీ రాదు. చెట్టు గట్టిదనుకున్నారు పాపం. చెట్టే కొట్టుకొచ్చింది."

రత్తయ్య గోడ పట్టుకున్నాడు.

"ఆవిడ ఎవరో తెలియదు బాబూ. ముఖం... ముఖంలా లేదు. కాళ్ళకి మెట్టెలున్నాయి, అంతే తెలుసు. ముడి విప్పి ఇద్దర్నీ దిబ్బ మీదకి మోసుకొచ్చాం. తిండి లేక ఉన్నాం, రెండో గొయ్యి తవ్వే ఓపిక ఎక్కడిది? వెడల్పుగా ఒకటే తవ్వాడు అన్నయ్య. పక్కపక్కన పడుకోబెట్టాం, ఆడాళ్ళు కబుర్లు చెప్పుకుంటా పడుకున్నట్టు."

"నాకెందుకు చెప్పలేదు?" జయపాల్ లేచి నిలబడ్డాడు. "ఇన్నేళ్ళు!"

"ఎవరికి చెప్పాలిరా? జ్ఞానస్నానం లేని మనిషిని దీవించిన నేలలో పెట్టామంటే అప్పటి ఫాదరు తీయించేసేవాడు. పోనీ ఊళ్ళో చెబుదామా? మా ఆడమనిషిని ఎవడు ముట్టుకున్నాడని కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళు. కలిసి కట్టుకుని కలిసే పోయారు, పడుకోనీ అన్నాడు అన్నయ్య. నాలుగేళ్ళు గడిచాక చెప్పడానికి నోరు రాలేదు. ఇంకో నాలుగేళ్ళకి చెప్పడం అనవసరం అనిపించింది."

"అయితే పెట్టెలో ఇద్దరూ ఉన్నారా?" అంది హెలెన్. ఆమె చెయ్యి మెడలోని సిలువ మీదకి పోయింది.

"లేరు" అన్నాడు జయపాల్.

అందరూ అతని వైపు చూశారు. పెట్టె సర్దింది అతనే. ఒక్క తలే ఉంది. తన చేత్తో ఇసక దులిపి, చీర మడతల్లో పెట్టాడు. పెడుతూ, ఎవరూ చూడకుండా, చెంపని ఒకసారి ఆనించాడు కూడా.

"ఒక్కరే ఉన్నారు" అన్నాడు. "మెట్టెలున్నావిడే."

"మరి వదిన ఏదిరా? పక్కనేగా పెట్టాం!"

పరదా కదిలింది. ఆమోసు గుమ్మాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. వర్షాల నుంచి మంచం దిగని మనిషి. బనీను ఒక భుజం మీంచి జారిపోయి ఉంది.

"జరిపి కట్టించమన్నాను" అన్నాడు.

"నాన్నా, నువ్వు కూర్చో..."

"సముద్రం వైపు జరిపి కట్టించరా అన్నాను. అన్నానా లేదా?"

అన్నాడు. జయపాల్‌కి ఆ రోజు మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. నాగాయలంక నుంచి తెచ్చిన మేస్త్రీ, తడిపిన సిమెంటు, ముందూ వెనకా ఉన్న సమాధుల అంచులు కలుపుతూ ఈ కొసకీ ఆ కొసకీ లాగి కట్టిన దారం. తండ్రి వచ్చి, "కొంచెం సముద్రం వైపు జరిపించరా" అన్నాడు. "వరస తప్పుద్ది నాన్నా, వంకరగా ఉంటే అందరూ నవ్వుతారు" అన్నాడు తను. కొత్తగా సంపాదిస్తున్న కొడుకు కోపంతో అన్నాడు. తండ్రి దారం వైపు చూసి, "నీ ఇష్టం" అని వెళ్ళి మడచెట్ల నీడలో కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆత్మల పండుగకీ తండ్రి కొవ్వొత్తి సమాధి మీద పెట్టేవాడు కాదు. అవతల ఉత్త ఇసకలో గుచ్చేవాడు. పెద్దాయనకి చూపు ఆనడం లేదనుకుని, జయపాల్ ప్రతిసారీ దాన్ని పీకి తెచ్చి సమాధి మీద పెట్టేవాడు. చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారని కొంచెం విసుగ్గా కూడా పెట్టేవాడు.

"గట్టిగా చెప్పొచ్చుగా నాన్నా. కారణం చెప్పొచ్చుగా."

"సిమెంటు నీది. మేస్త్రీ నీవాడు." ఆమోసు ఊపిరి తీసుకున్నాడు. "నన్నడిగావా? మొన్న తవ్వడానికి పోయేటప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. మంచం మీది మనిషిని అడిగేదేముంది అనుకున్నాడు. సమాధి తను కట్టించిందే, తనకి తెలియకపోవడమేంటి అనుకున్నాడు. ఊరివాళ్ళని, చరిత్ర రాసినవాళ్ళని, చెరువుల వాళ్ళని అందర్నీ తిట్టుకుంటూ ఇంత వయసు లాక్కొచ్చాడు. ఇప్పుడు తిట్టుకోవడానికి వరండాలో తనొక్కడే మిగిలాడు.

"ఈవిడ మీ అమ్మేనండీ రత్తయ్య గారూ" అన్నాడు నేల చూస్తూ. "తీసుకెళ్ళండి."

రత్తయ్య పెట్టె దగ్గరికి వెళ్ళాడు. చీర అంచుని రెండు వేళ్ళతో తాకాడు, ముడత సరిచేశాడు. కుండ తెస్తాడని హెలెన్ పక్కకి తప్పుకుంది. ఆయన తేలేదు.

"ఇన్నాళ్ళు మీ దీపాల దగ్గరే ఉందిగా. ఇంకో పూట ఉంటది" అన్నాడు. "మీ అమ్మ సంగతి చూడు ముందు."

అప్పుడు తగిలింది జయపాల్‌కి. గురువారం అతను చూసినప్పుడే ఆ గొయ్యికీ సముద్రపు కోతకీ మధ్య నేల ఎంతో లేదు. సముద్రం వైపు. నాన్న అన్న మాటే, సముద్రం వైపు. నిన్న పౌర్ణమి.

"పొద్దున మీరు దిబ్బ మీదుగానే వచ్చారా?" అన్నాడు.

"చూసే వచ్చాను."

"నేను తవ్విన గొయ్యి ఉందా?"

"ఉంది."

"దానికి అవతల నేల?"

రత్తయ్య అతని వైపు చూడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఆమోసు వైపు చూశాడు. కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"బండేదన్నా ఉంటే తియ్యి బాబూ" అన్నాడు. "ఇప్పుడు బయల్దేరితే పోటు తీసే వేళకి అక్కడుంటాం."

"నేను అడిగింది అది కాదండీ."

"దారిలో మాట్లాడుకుందాం."

"ఇక్కడ చెప్పండి!"

ఎవరూ కదల్లేదు. కదిలింది ఆమోసు ఒక్కడే. గుమ్మం వదిలేసి, గోడ ఆసరాతో ఒక్కో అడుగూ వేసుకుంటూ, వరండాలో చెప్పులున్న చోటికి వస్తున్నాడు.